సోపానాలు, ఘాట్ రోడ్లు: గుంటూరు, ప్రకాశం మైదానంలో ఒక్కరోజు కొండయాత్ర చరిత్ర

కృష్ణానది దక్షిణపు ఒడ్డు నుంచి గుండ్లకమ్మ దాటి ఒంగోలు పరిసరాల వరకూ పరచుకున్న నల్లరేగడి నేల చాలామటుకు చదునుగా ఉన్నా, మంగళగిరి, కొండవీడు, కోటప్పకొండ, వినుకొండ, అద్దంకి పక్కనున్న సింగరకొండ వంటివి ఆ చదునులోంచి ఒంటరిగానో చిన్న వరుసలుగానో పైకి లేచి, చుట్టూ పది పన్నెండు మైళ్ల దూరంలోని ఊళ్లన్నిటికీ కనిపిస్తూ ఉంటాయి. పత్తి, మిరప పండించి బతికే ఈ ప్రాంతపు రైతు కూలీ కుటుంబాలకు కొండ అనేది జీవనాధారం కాదు, నివాసమూ కాదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు తెల్లవారకముందే బయలుదేరి, పైకెక్కి దేవుణ్ణి చూసి, చెట్టుకింద అన్నం తిని, చీకటి పడ్డాక ఇల్లు చేరే చోటు. ఆ ఒక్కరోజు ప్రయాణం చూడటానికి సహజమైన విషయంగా, అనాదిగా ఉన్నదిగా కనిపిస్తుంది గాని, నిజానికి అది ఆరేడు శతాబ్దాలపాటు కొందరు రాజులూ జమీందార్లూ భక్తులూ, ఆ తరువాత ప్రభుత్వ ఇంజనీర్లూ దారి వేసినందువల్ల సాధ్యమైనది. కొండల ఎత్తు ఈ కాలమంతటిలో మారలేదు. దారి మారినప్పుడల్లా కొండ ఎక్కగలిగిన మనుషులు మారారు. ఈ మైదానపు కొండయాత్ర చరిత్రను ఆ దారుల చరిత్రగా చదవడమే సరైన పద్ధతి.

యాత్ర ఒక్కరోజుకే పరిమితం కావడానికి భక్తి కంటే వ్యవసాయమే పెద్ద కారణం. తొలకరికి విత్తిన పత్తి కార్తీకం నుంచి మాఘం దాకా విడతలు విడతలుగా విచ్చుకుంటుంది, విచ్చుకున్న పత్తిని సకాలంలో తీయకపోతే మంచుకూ గాలికీ చెడిపోతుంది. వానకాలం చివర నారు నాటిన మిరప సంక్రాంతి తరువాత కోతకు వచ్చి వేసవి మొదలయ్యే దాకా మళ్లీ మళ్లీ కోయిస్తుంది, కోసిన కాయను కల్లంలో, అంటే చదును చేసి అలికిన ఆరుబయలు నేలమీద, రోజుల తరబడి ఎండబెట్టి తిరగవేస్తూ రాత్రిళ్లు కాపలా కాయాలి. మాఘమాసపు బహుళ చతుర్దశినాడు వచ్చే మహాశివరాత్రి సరిగ్గా ఈ పనుల నడుమనే పడుతుంది. కల్లం వదిలి మూడు నాలుగు రోజులు వెళ్లగలిగిన కుటుంబం ఈ ప్రాంతంలో ఎన్నడూ ఎక్కువగా లేదు కాబట్టి, వెళ్లిరాగల దూరమంతా ఎడ్లబండి నిర్ణయించింది. బండి గంటకు రెండు మూడు మైళ్లకు మించి నడవదు, ఎద్దులకు నీళ్లూ మేతా విశ్రాంతీ కావాలి. ఈ లెక్కన కొండకు పది మైళ్లలోపు ఊళ్లవారు మాత్రమే ఒకే పగలులో వెళ్లి రాగలరు, అంతకు పైనున్నవారు రాత్రి కొండకింద బండి విప్పుకొని నిద్రచేయవలసిందే. బండిప్రయాణంలో గడిచిన పొద్దు పోగా కొండ ఎక్కడానికి మిగిలేది కొన్ని గంటలే కనుక, ఆ కొన్ని గంటల్లో ముసలివారూ పిల్లలూ ఎక్కి దిగగలరా లేదా అన్నది దారిమీదే ఆధారపడింది.

దారి వేయడాన్ని రాజధర్మంగా ఎంచినవారిలో ఈ మైదానానికి చెందిన మొదటి గొప్ప పేరు ప్రోలయ వేమారెడ్డిది. కాకతీయ రాజ్యం 1323లో కూలిన తరువాత తీరాంధ్రంలో అద్దంకి రాజధానిగా రెడ్డిరాజ్యాన్ని స్థాపించి, 1325 నుంచి 1353 వరకు పాలించిన ఈ రాజు, మహాభారతంలోని అరణ్యపర్వశేషాన్ని పూర్తిచేసిన ఎర్రాప్రగడకు ఆశ్రయమిచ్చినవాడుగా సాహిత్యంలోనూ, ధర్మశాస్త్రకర్త హేమాద్రి చెప్పిన దానాలన్నీ చేసినవాడుగా ధర్మప్రసిద్ధిలోనూ నిలిచాడు. ఈ కీర్తుల సరసనే ఆ వంశం అంతే గర్వంగా చెప్పుకున్న మరో కీర్తి, శ్రీశైలానికీ అహోబిలానికీ సోపానాలు, అంటే రాతిమెట్లు, కట్టించడం. యుద్ధాలతో తలమునకలైన కొత్త రాజ్యం తన ఎల్లలో ఒక మూలనున్న నల్లమల అడవికి రాళ్లు మోయించి మెట్లు పరిపించడం కేవలం పుణ్యకార్యం కాదు. దండయాత్రల్లో ఆగిపోయిన యాత్రను మళ్లీ నడిపించగలిగిన రాజే ధర్మరక్షకుడని జనం నమ్ముతారు, జనం నడిచే దారి రాజ్యపు అధికారం చెల్లే దారి అవుతుంది. ఈ రెండూ ఆ మెట్లలో కలిశాయి. అతని కొడుకు అనవేమారెడ్డి 1370ల చివర శ్రీశైలంలో వీరశిరోమండపం కట్టించి, తండ్రి వేసిన దారి చివర తన గుర్తు నిలిపాడు.

శ్రీశైల యాత్ర ఆ మెట్లతో సుఖయాత్ర అయిందనుకుంటే పొరపాటు. ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా సాగే అడవిదారి 19వ శతాబ్దంలో కూడా రోజుల ప్రయాణమే. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే భాషాంతరీకరణ అధికారిగా, పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, అహోబిలమూ శ్రీశైలమూ చూసుకుంటూ వెళ్లి రాసిన కాశీయాత్ర చరిత్రలో ఆ అడవిదారి కష్టాలతో పాటు యాత్రికుల వద్ద కందనూరు, అంటే కర్నూలు, నవాబు పన్ను వసూలు చేసే తీరు కూడా నమోదైంది. పల్లకీ, పరివారం ఉన్న అధికారే అంత శ్రమ పడిన చోట, పెట్టుబడీ తీరుబాటూ లేని కాపు కుటుంబానికి శ్రీశైలం జన్మకొకసారి కలిగే దర్శనమే. మైదానంలోని చిన్న కొండల ప్రాముఖ్యం ఇక్కడే తెలుస్తుంది: దూరపు మహాక్షేత్రంలో దొరికే పుణ్యాన్ని సాయంత్రానికి ఇంటికి రాగల దూరంలో అవి అందించాయి.

శ్రీశైలానికి మెట్లు కట్టిన వంశమే తన సొంత కొండకు మెట్లు కట్టలేదన్నది ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆలోచింపజేసే విషయం. ప్రోలయ వేముని తరువాత 1353లో గద్దెనెక్కిన అనవోతారెడ్డి రాజధానిని అద్దంకి నుంచి గుంటూరుకు పడమటనున్న కొండవీటికి మార్చాడు. చుట్టూ చదునునేల, నడుమ శిఖరాల వరుస, ఆ శిఖరాలను కలుపుతూ గోడలు, బురుజులు, పైన జనం నిలవడానికి ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అనే జలాశయాలు. వీటన్నిటి ప్రయోజనమూ ఒకటే, కిందివాణ్ణి పైకి రానీయకుండా పైవాడు ఎక్కువకాలం నిలబడగలగడం. కొలేపల్లి దర్వాజా, నాదెండ్ల దర్వాజా అని పేర్లున్న ప్రవేశద్వారాలకు చేరే దారులు నిటారుగా, మలుపులతో, పైనుంచి రాళ్లు దొర్లించడానికి వీలుగా ఉండటం నిర్మాణలోపం కాదు, నిర్మాణ లక్ష్యమే. గుడిమెట్లు కట్టేవాడు అన్నిటికంటే బలహీనమైన కాలును మనసులో ఉంచుకొని ఒక్కో మెట్టు ఎత్తును నిర్ణయిస్తాడు. కోటదారి వేసేవాడు అన్నిటికంటే బలమైన కాలును అలసిపోయేలా చేయడానికి లెక్క వేస్తాడు. ఒకే శతాబ్దంలో, ఒకే వంశం, ఒకే తీరు రాళ్లతో ఈ రెండు పనులూ చేసింది.

ఆ కోట కింద గడిచిన జీవితం మాత్రం విహారప్రియమైనదే. 1386 నుంచి 1402 దాకా ఏలిన కుమారగిరిరెడ్డి ఏటా జరిపించిన వసంతోత్సవాల్లో కర్పూరం, కస్తూరి, పన్నీరు ధారాళంగా వాడటం వల్ల అతనికి కర్పూర వసంతరాయలన్న బిరుదు వచ్చింది. ఆ సుగంధద్రవ్యాలను సముద్రాల అవతలి నుంచి తెప్పించి అందించిన వర్తకుడు అవచి తిప్పయసెట్టికే శ్రీనాథుడు తన హరవిలాసాన్ని అంకితమిచ్చాడు. పంటపనుల నడుమ ఒకరోజు తీరిక చేసుకొని ఆడుకోవడమన్న కోరిక రాజుకూ రైతుకూ సమానమే అయినా, దానికి కావలసిన తీరిక, దారి, ఖర్చు రాజాస్థానానికి మాత్రమే అందుబాటులో ఉన్న కాలమది.

కొండవీటి దారి ఎంత కఠినమైనదో 1515లో శ్రీకృష్ణదేవరాయల సేన తెలుసుకుంది. అప్పటికి కళింగ గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గం ముందు విజయనగర సైన్యం రెండు నెలలకు పైగా ముట్టడి వేసి కూర్చోవలసి వచ్చింది. ఆ జూన్ నెలలో దుర్గం లొంగి, గజపతి కుమారుడు వీరభద్రుడు బందీగా చిక్కాడు. మంత్రి తిమ్మరుసు పేరుతో ముడిపడిన ఈ విజయాన్ని మంగళగిరి శాసనాలు నమోదు చేశాయి. 16వ శతాబ్దం ముగిసేలోగా గోల్కొండ కుతుబ్ షాహీలు కొండవీటిని పట్టి మూర్తజానగర్ అని పేరు మార్చారు, గుంటూరు సీమంతా చాలాకాలం ఆ పేరుతోనే వ్యవహారంలో ఉంది. 1788లో గుంటూరు సర్కారు ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వచ్చేనాటికి ఫిరంగుల యుగంలో కొండకోటకు విలువ పోయింది, అధికారం మైదానంలోని గుంటూరు పట్నానికి దిగింది. రక్షించవలసిన రాజు లేకపోయినా, రానీయకుండా చేసిన దారి మాత్రం అలాగే మిగిలి, మరో రెండు శతాబ్దాలు పశువుల కాపరులకూ కట్టెలు కొట్టేవారికీ తప్ప ఇతరులకు కొండవీటి శిఖరాన్ని దూరంగానే ఉంచింది. దుర్గం పాదంలో కత్తులబావి పక్కనున్న గోపీనాథస్వామి గుడిని చూడవచ్చినవారు తలెత్తి పైకి చూసి తిరిగి వెళ్లడమే మామూలు.

మంగళగిరి కథ దీనికి పూర్తిగా భిన్నం. కొండ నడుమ గుహలో పానకాల నరసింహస్వామి, కింద లక్ష్మీనరసింహస్వామి, శిఖరాన విగ్రహం లేకుండా దీపానికి మాత్రమే పూజ జరిగే గండాలయ స్వామి, ఇలా మూడు అంతస్తుల్లో మూడు రూపాలున్న ఈ క్షేత్రంలో, భక్తుడు తెచ్చిన బెల్లపు పానకాన్ని గుహలోని స్వామి నోటిలో పోస్తే సగం తాగి సగం ప్రసాదంగా మిగులుస్తాడని నమ్మకం. అంతటి ఆకర్షణ ఉన్న గుహకు పానకపు బిందెతో ఎక్కడమంటే రెండు చేతులూ ఖాళీ లేకుండా బండలమీద నడవడం. అది వయసులో ఉన్న మగవారికే కష్టం. 1807లో మొదలై 1809లో ముగిసిన గాలిగోపురం, 11 అంతస్తులతో 153 అడుగుల ఎత్తున, అమరావతి జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కట్టించినది, నేటికీ మంగళగిరి అనగానే మనసులో మెదిలే కట్టడం. కొండకు మెట్లు మాత్రం ఆ గోపురం తరువాత ఎనిమిది దశాబ్దాలకు, 1890లో, చన్నాప్రగడ బలరామదాసు అనే భక్తుని కృషివల్ల వచ్చాయి. గోపురం కట్టించిన రాజు పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంది; మెట్లు కట్టించిన భక్తుని పేరు ఊరు దాటితే ఎందరికో తెలియదు. గోపురం దూరం నుంచి చూసేవాడికి మంగళగిరి ఉనికిని చాటింది, మెట్లు దగ్గరకు వచ్చినవాడిని స్వామి ముందుకు చేర్చాయి. యాత్రికుని పక్షాన నిలబడి చూస్తే రెండో పనే ఎక్కువ విలువైనది.

ఆ మెట్లు వచ్చిన కాలానికే ఈ సీమకు రైలు వచ్చింది. గుంతకల్లు నుంచి నంద్యాల, దొనకొండ, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు, మంగళగిరి మీదుగా కృష్ణ ఒడ్డుకు చేరే మీటర్‌గేజి మార్గం 19వ శతాబ్దపు చివరి రెండు దశాబ్దాల్లో పూర్తయింది. పత్తినీ ధాన్యాన్నీ రేవులకు చేర్చడం దాని ఉద్దేశాల్లో ఒకటి కాగా, అదే రైలు మూడోతరగతి పెట్టెల్లో యాత్రికులను కూడా చేర్చింది. వినుకొండవైపు రైతు ఎడ్లబండి మీద రెండుమూడు రోజుల్లో చేరే మంగళగిరి, రైలెక్కితే కొన్ని గంటల్లో వచ్చేది. దిగిన తరువాత ఎక్కడానికి మెట్లు సిద్ధంగా ఉన్నాయి. రైలు లేకుండా మెట్లుంటే చుట్టుపక్కల ఊళ్లకే మేలు, మెట్లు లేకుండా రైలుంటే కొండకింది గుడి వరకే యాత్ర. రెండూ ఒకే కాలంలో కూడినందువల్లనే, ఎన్నడూ కొండ ఎక్కని వారికి కూడా ఒక్కరోజు కొండయాత్ర అందింది.

కోటప్పకొండకు వస్తే, దారి సమస్య అక్కడి స్థలపురాణంలోనే ఉంది. నరసరావుపేటకు దక్షిణాన, 2022 నుంచి పల్నాడు జిల్లాలో భాగమైన ఈ కొండకు బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలని మూడు శిఖరాలుండటం వల్ల త్రికూటాద్రి అని పేరు. స్వామి త్రికూటేశ్వరుడు, జనానికి కోటయ్య, కోటప్ప. పాతకోటప్ప గుడి రుద్రశిఖరం మీద ఉంది. ఆనందవల్లి అనే గొల్లభామ రోజూ ఆ శిఖరం ఎక్కి స్వామిని సేవించేదని, గర్భవతి అయిన తరువాత ఎక్కలేక, స్వామినే కిందికి దిగిరమ్మని వేడుకుందని, వెనుదిరిగి చూడకూడదన్న నియమంతో స్వామి ఆమె వెంట దిగివస్తుండగా కొండ దద్దరిల్లే చప్పుడుకు ఆమె వెనక్కి చూడటంతో అక్కడే లింగరూపంలో నిలిచిపోయాడని కథ. ఇప్పుడు పూజలందుకునే గుడి అదే చోట, శిఖరానికి దిగువన ఉంది. దారిలో గొల్లభామకు గుడి కట్టి యాత్రికులు ముందుగా ఆమెను దర్శించుకుంటారు. ఈ కథను చాలామంది భక్తిమహిమకు నిదర్శనంగానే చెబుతారు గాని, దానిలో ఈ ప్రాంతపు ఆడవారి అనుభవం సూటిగా వినిపిస్తుంది. గొల్ల కుటుంబపు స్త్రీ, పాలు పెరుగు పని చేసుకునే శ్రమజీవి, ఒంట్లో శక్తి లేని రోజుల్లో కొండ ఎత్తును స్వామి ముందు ఫిర్యాదుగా పెట్టింది. స్వామి ఆ ఫిర్యాదును అంగీకరించి సగందూరం దిగివచ్చాడు. ఎక్కలేనివారి కోసం దేవుడే తన చోటు మార్చుకున్న కథను ఇంత సూటిగా చెప్పే క్షేత్రాలు తెలుగునాట అరుదు.

స్వామి దిగివచ్చిన చోటికైనా ఎక్కక తప్పదు. నరసరావుపేట జమీందార్లయిన మల్రాజు వంశీయులు, ఎవరి పూర్వుడైన నరసరావు పేరున పాత అట్లూరు నరసరావుపేట అయిందో ఆ వంశంవారు, కోటప్పకొండకు మెట్లదారి కట్టించారు. జమీందారీకి కొండమీది దేవుడు ఇలవేలుపు వంటివాడు, కొండకింద జరిగే తిరునాళ్ల, అంటే ఉత్సవమూ సంతా కలిసిన జాతర, జమీందారీ గౌరవానికి ఏటేటా జరిగే ప్రదర్శన. తిరునాళ్లకు ఊళ్లు తెచ్చే కానుక ప్రభ. వెదురు బొంగులతో, కర్రలతో 60 నుంచి 100 అడుగుల ఎత్తున చట్రం కట్టి, రంగుగుడ్డలూ పటాలూ అలంకరించి, ఎడ్లబండి మీద నిలిపి, తాళ్లతో పట్టుకుంటూ ఊరంతా కలిసి కొండ పాదానికి లాక్కురావడం ఈ సీమ ప్రత్యేకత. కావూరు, పురుషోత్తమపట్నం, యడవల్లి వంటి ఊళ్ల ప్రభలు పోటీపడతాయి. పూర్వం కాగడాలతో వెలిగిన ప్రభలు తరువాత జనరేటర్లతో విద్యుద్దీపాల ప్రభలయ్యాయి. ప్రభ కొండ ఎక్కదు. మొక్కు తీర్చుకోవడానికి ఊరు తన ఎత్తును తానే కట్టుకొని కొండముందు నిలబెడుతుంది, మనిషి మాత్రం విడిగా, చేదుకో కోటయ్యా అని కేకవేస్తూ, అంటే పైకి లాక్కోమని స్వామిని వేడుకుంటూ, మెట్లెక్కుతాడు. నిటారు దారిలో ఊపిరి అందని మనిషి నోట ఆ మాట అక్షరాలా నిజమైన ప్రార్థనే.

ఇంతమంది ఒకేరోజు ఒకేచోట కూడటం పాలకులను భయపెట్టిన సందర్భమూ ఉంది. 1909 శివరాత్రి తిరునాళ్లలో జనానికీ పోలీసులకూ మధ్య ఘర్షణ పెరిగి కాల్పుల దాకా వెళ్లింది. ఆ కేసులో చిన్నపరెడ్డి అనే యువరైతుకు ఉరిశిక్ష పడింది. వందేమాతరం ఉద్యమపు వేడి ఇంకా ఆరని ఆ కాలంలో అతని సాహసం మీద జానపదులు కట్టిన పాట తరాలపాటు పల్లెల్లో వినిపించింది. ఒక్కరోజు సెలవుగా వచ్చిన రైతు ఆ రోజున తన బలాన్ని కూడా గుర్తించాడన్న సంగతి ఆ పాట నిలిచిన తీరు చెబుతుంది.

కష్టమైన ఎత్తును అలవాటులేనివారికి అందుబాటులోకి తేవడం ఒక్క తెలుగునాటి సమస్య కాదు, భక్తికి మాత్రమే సంబంధించిన సమస్యా కాదు. మంచుదేశాల్లో పాదాలకు పొడవైన సన్నని పలకలు బిగించుకొని మంచువాలు మీద జారే క్రీడ, స్కీయింగ్, ఒకప్పుడు గంటలకొద్దీ మంచుకొండ ఎక్కి నిమిషాల్లో దిగే సాహసికులకే పరిమితమై ఉండేది. అమెరికాలో 1931లో బోస్టన్ నగరం నుంచి న్యూహాంప్‌షైర్ కొండలకు ఆదివారంనాడు వెళ్లి సాయంత్రానికి తిరిగివచ్చే మంచురైళ్లు మొదలయ్యాయి. 1934లో వెర్మాంట్ రాష్ట్రపు వుడ్‌స్టాక్‌లో పాత ఫోర్డు కారు ఇంజను తిప్పే తాడును పట్టుకొని కొండపైకి చేరే ఏర్పాటు వచ్చింది. 1936లో ఐడహో రాష్ట్రపు సన్ వ్యాలీలో, ఓడలకు అరటిగెలలు ఎక్కించే యంత్రం చూసిన అనుభవంతో జేమ్స్ కరన్ అనే రైల్వే ఇంజనీరు మనిషి కూర్చొని పైకి వెళ్లే కుర్చీల తీగమార్గాన్ని రూపొందించాడు. రైలు కొండ పాదానికి చేర్చడం, యంత్రం పైకి చేర్చడం, ఈ రెండూ కలిసిన తరువాతే ఆ ఆట నగరపు గుమాస్తాలకూ పిల్లలకూ ఒక్కరోజు వినోదమైంది. మంగళగిరిలో రైలూ మెట్లూ కలిసినప్పుడు జరిగిందీ తత్త్వంలో ఇదే. సియాటిల్ నగరానికి చేరువలోని స్నోక్వాల్మీ కనుమకు 1938లో రైలు కంపెనీయే స్కీయింగ్ స్థలం ఏర్పరచి రైళ్లు నడిపింది. ఇప్పుడు ఆ నగరపు సాఫ్ట్‌వేర్ సంస్థల్లో పనిచేసే గుంటూరు, ప్రకాశం జిల్లాల కుటుంబాలు చలికాలపు శనివారాల్లో అదే కనుమకు కారులో వెళ్లి, ప్రారంభకుల వాలుమీద పిల్లలకు జారడం నేర్పించుకొని పొద్దుగుంకేసరికి ఇల్లు చేరుతున్నాయి. పులిహోర డబ్బా ఆ కారులోనూ ఉంటుంది.

తెలుగునాట తీగమార్గాల కన్నా ఘాట్ రోడ్డు, అంటే వాహనాలు వెళ్లగలిగేలా కొండ అంచున చుట్టలు చుట్టలుగా తొలిచిన బాట, ఆ పని చేసింది. 1944లో తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు తెరవడంతో దక్షిణాది యాత్రల స్వరూపమే మారింది. అంతవరకూ డోలీల్లో, అంటే మనుషులు భుజాన మోసే గుడ్డ ఉయ్యాలల్లో, వెళ్లవలసివచ్చిన వృద్ధులు బస్సులో వెళ్లడం మొదలైంది. 1958లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ శివరాత్రికి నరసరావుపేట, చిలకలూరిపేట, వినుకొండల నుంచి నడిపిన ప్రత్యేక బస్సులు కోటప్పకొండ యాత్రను పది మైళ్ల ఎడ్లబండి వలయం నుంచి విడిపించాయి. అయినా బస్సు దిగిన తరువాత మెట్లు మెట్లే. 1999లో, నరసరావుపేట శాసనసభ్యుడూ అప్పటి మంత్రీ అయిన కోడెల శివప్రసాదరావు చొరవతో కోటప్పకొండకు ఘాట్ రోడ్డు పూర్తయింది. దారిపొడవునా దేవతామూర్తులు, పిల్లల పార్కు, జంతుప్రదర్శనశాల వచ్చాయి, కొండకు శివరాత్రి కాని రోజుల్లో కూడా జనం రావడం మొదలైంది. కార్తీకంలో ఉసిరిచెట్టు నీడన వంటచేసుకు తినే వనభోజనాలకూ, ఆదివారపు విహారాలకూ, అరిసె ప్రసాదం కొనుక్కొని గంటలో దిగిపోయే చిన్న దర్శనాలకూ అది కేంద్రమైంది.

ఘాట్ రోడ్లను సంప్రదాయానికి హానిగా చూసేవారు లేకపోలేదు. వారి మాటను తీసిపారేయడమూ తగదు. మెట్లెక్కేటప్పుడు అపరిచితుల మధ్య పుట్టే మాట కలయిక, చలివేంద్రాల వద్ద మజ్జిగ పంచే గృహస్థుల సేవ, ఒక్కో మెట్టుకూ పసుపు కుంకుమ అద్ది కర్పూరం వెలిగించే ఆడవారి మెట్లపూజ, ఇవన్నీ కారు అద్దాల వెనుక సాధ్యం కావు. అయితే ఆనందవల్లి కథను తనదిగా చెప్పుకునే కొండమీద, నిండుచూలాలూ కీళ్లనొప్పుల ముసలమ్మా ఎక్కగలిగిన దారిని తప్పుపట్టడం ఆ కథకే విరుద్ధం. తిరునాళ్ల సమాజంలో ఎప్పుడూ కింద బండి దగ్గర కాపలాగా మిగిలిపోయినవారు ఆడవారు, వృద్ధులు, వికలాంగులు. వారిని పైకి చేర్చిన దారికే ఈ చరిత్రలో ప్రథమస్థానం దక్కాలి.

చివరిగా ఘాట్ రోడ్డు చేరిన కొండ కొండవీడు. రాయల సేన రెండు నెలలు కింద కాచుకొని కూర్చున్న ఎత్తుకు ఇప్పుడు గుంటూరు నుంచి ఉదయం ఫలహారం చేసి బయలుదేరిన కుటుంబం మధ్యాహ్న భోజనం లోపే చేరి, చెరువులు చూసి, బురుజుల మీద నిలబడి, చుట్టూ పత్తిచేలనూ ఎర్రటి మిరప కల్లాలనూ చూసి దిగిపోతుంది. నడక అలవాటు చేసుకోదలచిన యువకులు మాత్రం పాత కోటదారినే ఎంచుకొని దర్వాజాల గుండా ఎక్కుతున్నారు. గుడిమెట్ల భవిష్యత్తు, కోటదారి భవిష్యత్తు ఒకటి కాదు. మంగళగిరి, కోటప్పకొండలకు రోడ్డు వచ్చిన తరువాత కూడా మెట్లకు మొక్కులున్నాయి. కాలినడకన వస్తానని మొక్కుకున్నవారు ఉన్నంతకాలం ఆ రాళ్లు అరిగినా ఎవరో ఒకరు మార్చి వేస్తారు, వేసినవారి పేరు చెక్కుకుంటారు. కొండవీటి కోటదారికి మొక్కుకునేవారు లేరు. గోడల రాళ్లు జారి దారిలో పడుతున్నాయి, ముళ్లపొదలు ద్వారాలను కమ్ముతున్నాయి. పురావస్తు శాఖ, అటవీ శాఖ కలిసి ఏటా వానల తరువాత ఆ దారిని శుభ్రపరచి, జారిన రాతిని అదే చోట తిరిగి నిలిపి, కొలేపల్లి వైపూ నాదెండ్ల వైపూ మార్గసూచికలు పెట్టవలసి ఉంది.